పాత ప్యాలెట్‌ చెక్క: ముద్ర చూడండి, ఆ తర్వాతే పనికి పెట్టండి

ఫ్యాక్టరీలకు సరుకు మోసుకొచ్చిన చెక్క ప్యాలెట్లు పని అయిపోయాక పాత సామాన్ల కొట్లకు చేరుతున్నాయి. తడ, శ్రీసిటీ, నాయుడుపేట వైపు రోడ్డు పక్కన ఇవి గుట్టలుగా కనిపిస్తాయి. టేకు, వేప పలకల ధర చూసి వెనక్కి తగ్గే రైతుకు ఇవి చవగ్గా దొరికే కలపే. బస్తాల కింద వేసుకోవచ్చు, ఎరువు తొట్టి కట్టుకోవచ్చు, మేకల పాకలో నేల పరుచుకోవచ్చు, పెరట్లో ఆకుకూరల మడి చేసుకోవచ్చు. అయితే అన్ని ప్యాలెట్లూ ఒకటి కావు. కొన్నిటికి విషవాయువు పట్టించి ఉంటారు. కొన్నిటి మీద పురుగు మందు డబ్బాలు మోసి ఉంటారు. ఏది ఇంటికి తెచ్చుకోవాలో, ఏది కొట్లోనే వదిలెయ్యాలో తెలిస్తే ఇది లాభం. తెలీకపోతే తిండిలోకి విషం తెచ్చుకున్నట్టే.

ముద్ర ఎందుకు వేస్తారు?

పచ్చి చెక్కలో పురుగులు, వాటి గుడ్లు దాగి ఒక దేశం నుంచి మరో దేశానికి పోతాయి. ఆసియా నుంచి వెళ్ళిన ఒక పొడుగు మీసాల పెంకు పురుగు 1996లో అమెరికాలోని న్యూయార్క్‌లో బయటపడింది. అది పట్టిన చెట్లను వేల సంఖ్యలో నరికెయ్యాల్సి వచ్చింది. ఇలాంటివి ఆపడానికి దేశాలన్నీ కలిసి 2002లో ఒక నిబంధన పెట్టుకున్నాయి. దేశం దాటే సరుకు కింద వాడే చెక్కకు ముందే చికిత్స చెయ్యాలి, చేసినట్టు ముద్ర వెయ్యాలి. మన దేశం కూడా దీన్ని పాటిస్తోంది.

ముద్ర ప్యాలెట్‌ పక్క దిమ్మల మీద కాల్చి గానీ, రంగుతో గానీ వేసి ఉంటుంది. ఒక పక్క గోధుమ వెన్ను లాంటి బొమ్మ, దాని పక్కన ఇంగ్లీషులో ఐ.పి.పి.సి. అనే నాలుగు అక్షరాలు ఉంటాయి. రెండో పక్క దేశం పేరుకు రెండు అక్షరాలు వేస్తారు. ఐ, ఎన్‌ అంటే ఇండియా. సి, ఎన్‌ అంటే చైనా. ఆ తర్వాత తయారీదారు నంబరు, చివర్లో చికిత్స గుర్తు. మనం చూడాల్సింది ఈ చివరి గుర్తునే.

హెచ్‌.టి. అని ఉంటే చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని కనీసం 30 నిమిషాలు పట్టించారని అర్థం. ఇందులో మందు లేదు. డి.హెచ్‌. అన్నా వేడి చేసినదే, పద్ధతి వేరు. ఈ రెండు గుర్తులున్నవి ఇంటికీ, పెరటికీ తెచ్చుకోవచ్చు.

ఎం.బి. అని ఉంటే మిథైల్‌ బ్రోమైడ్‌ వాయువు పట్టించినది. ఇది మనిషికి విషం, ఓజోన్‌ పొరకూ చేటు. ఐరోపా దేశాలు 2010లోనే దీని వాడకం మానేశాయి. ఆరుబయట ఆరితే వాయువు చాలా వరకు పోతుంది గానీ, మన చేతికి వచ్చిన చెక్కకు ఎంత పట్టింది, ఎంత పోయింది అనేది చూసి చెప్పలేం. అందుకే కూరగాయల మడికీ, పశువుల పాకకూ, ధాన్యం, మేత బస్తాల కిందకూ ఇది వద్దు. ఎస్‌.ఎఫ్‌. అన్నా వాయువు పట్టించినదే. దాన్నీ అలాగే వదిలెయ్యండి.

డి.బి. అంటే బెరడు తీశారని మాత్రమే. అది చికిత్స గుర్తు కాదు.

అసలు ముద్రే లేకపోతే? దేశం లోపలే తిరిగే ప్యాలెట్‌కు ముద్ర ఉండాల్సిన పని లేదు. కాబట్టి ముద్ర లేనంత మాత్రాన చెడ్డది కాదు, మంచిదనీ కాదు. ఏ సరుకు మోసిందో కొట్టువాడిని అడగండి. టైల్స్‌, గాజు, ఇనుప సామాను మోసినదైతే పర్వాలేదు. సంగతి తెలీకపోతే తిండికి సంబంధించిన పనికి పెట్టవద్దు.

ముద్ర బాగున్నా నూనె మరకలు, రంగు మరకలు, మందు వాసన, ఆకుపచ్చ ఛాయ ఉన్న చెక్కను తీసుకోవద్దు. ముద్ర చికిత్స సంగతే చెబుతుంది గానీ ఆ తర్వాత దాని మీద ఏమి ఒలికిందో చెప్పదు.

మేకుతో జాగ్రత్త

ఐరోపా కొలత ప్యాలెట్‌ పొడవు 120, వెడల్పు 80 సెంటీమీటర్లు. ఒక్కదాంట్లో 11 పలకలు, 9 దిమ్మలు, 78 మేకులు ఉంటాయి. 120కి 100 కొలతవీ ఎక్కువగానే దొరుకుతాయి. చాలా వాటిలో మేకులు నున్నగా ఉండవు, మెలి తిరిగి ఉంటాయి. సుత్తితో తన్ని ఊడదీస్తే పలక చీలిపోతుంది. దిమ్మకూ పలకకూ మధ్య ఇనుప రంపం దూర్చి మేకునే కోసెయ్యడం సులువు. తల పలకలోనే ఉండిపోయినా నష్టం లేదు. వీలైనంత వరకు విప్పకుండా ప్యాలెట్‌ను ప్యాలెట్‌గానే వాడే పని ఎంచుకుంటే ఇంకా మేలు.

విప్పే పని గడ్డివామి దగ్గర, పశువుల కొట్టం దగ్గర పెట్టుకోవద్దు. ఆవు, గేదె మేతను నమలకుండా ముందు మింగేస్తాయి. గడ్డిలో మేకు ఉంటే అదీ లోపలికి పోతుంది. పొట్ట గోడను పొడుచుకుని గుండె దాకా వెళుతుంది. మేత మానేసి, మెడ కింద నీరు దిగే సరికి చాలా సందర్భాల్లో చెయ్యగలిగింది ఏమీ ఉండదు. రెండు రూపాయల మేకు పాడి గేదెను తీసుకుపోతుంది. పని అయ్యాక పాత స్పీకరులోని అయస్కాంతానికి తాడు కట్టి ఆ చోటంతా ఈడ్చండి. మనిషి కాలికి గుచ్చుకుంటే పసుపు అద్ది ఊరుకోకుండా ధనుర్వాతం ఇంజక్షన్‌ వేయించుకోండి.

బస్తాల కింద

విప్పకుండా చేసుకునే పనుల్లో అన్నిటికంటే లాభమైనది ఇదే. గచ్చు మీద నేరుగా వేసిన బస్తా కింది నుంచి చెమ్మ లాగుతుంది. మన తీరంలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి ఆ మూడు నెలలూ గోడౌను నేల ఆరదు. అడుగు వరస బస్తాలకు బూజు పడుతుంది. విత్తనమైతే మొలక శాతం పోతుంది. రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో పెట్టే మేత బస్తాలకు ఈ బెడద ఇంకా ఎక్కువ. బూజు పట్టిన మేతలో అఫ్లాటాక్సిన్‌ అనే విషం పుడుతుంది. పైకి మేత బాగానే కనిపించినా రొయ్య ఎదుగుదల దెబ్బతింటుంది.

హెచ్‌.టి. ముద్ర ప్యాలెట్లను పక్కపక్కన పరిచి వాటి మీద నెట్టు కట్టండి. గోడకు ఒకటిన్నర నుంచి రెండడుగుల ఎడం ఉంచండి. గాలి ఆడుతుంది, ఎలుక తిరిగితే కనిపిస్తుంది. విరిగిన పలక ఉన్న ప్యాలెట్‌ మీద బరువు పెట్టవద్దు. ఉల్లిపాయలు నిలవ చేసేవారికి కూడా కింది నుంచి గాలి తగిలే ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది.

ఎం.బి. ప్యాలెట్లు ఇప్పటికే తెచ్చి ఉంటే బయట బాగా ఎండనిచ్చి, సిమెంటు బస్తాలు, పైపులు, మోటారు సామాను కిందకు మాత్రం వాడుకోండి.

ఎరువు తొట్టి

నాలుగు ప్యాలెట్లను నిలబెట్టి మూలల్లో జి.ఐ. తీగతో బిగిస్తే ఘనపు మీటరుకు తక్కువ కాని తొట్టి తయారు. అడుగున ఏమీ వెయ్యవద్దు, నేల మీదే ఉండాలి. ఎండుటాకులు, వరిగడ్డి ఒక వరస, పచ్చి చెత్త ఒక వరస, పైన పేడ నీళ్ళు. పిడికిట్లో పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్ళు కారకూడదు. పదిహేను, ఇరవై రోజులకొకసారి తిరగెయ్యాలి. ముందు ప్యాలెట్‌ను తలుపులా విప్పుకునేట్టు కట్టుకుంటే ఆ పని తేలిక. మూడు, నాలుగు నెలల్లో నల్లటి ఎరువు వస్తుంది. నేల తగిలే చెక్కకు చెదలు పడతాయి. ఒకటి రెండేళ్ళకు అడుగు పలకలు మార్చుకోవాల్సిందే.

మేకల పాకలో

వానాకాలం మేకలు, గొర్రెలు బురదలో పడుకుంటే గిట్టలు కుళ్ళుతాయి. ఎత్తు మీద చెక్క నేల వేస్తే పెంటికలు, మూత్రం కిందికి పోయి పడుకునే చోటు పొడిగా ఉంటుంది. కానీ ప్యాలెట్‌ను ఉన్నది ఉన్నట్టు వెయ్యకూడదు. దాని పలకల మధ్య సందులో మేక కాలు ఇరుక్కుంటుంది, పిల్లలకైతే కాలు విరుగుతుంది. పలకలు విప్పి, సందు ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లకు మించకుండా మళ్ళీ కొట్టించాలి. అంతకంటే దగ్గరైతే పెంటికలు కిందికి పడవు. కింద మనిషి దూరి శుభ్రం చేసుకునేంత ఎత్తు ఉండాలి.

పెరట్లో, మిద్దె మీద

తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీరకు ఆరంగుళాల మట్టి చాలు. ప్యాలెట్‌ను పడుకోబెట్టి చుట్టూ పలక కొట్టి, లోపల గోనె పట్టా గానీ షేడ్‌నెట్‌ గానీ పరిచి మట్టి నింపుకోవచ్చు. మిద్దె మీద పెట్టేవారు ముందు బరువు లెక్క వేసుకోండి. 120కి 100 సెంటీమీటర్ల మడిలో 15 సెంటీమీటర్ల మట్టి అంటే 180 లీటర్లు. తడిస్తే అది 270 కిలోలు దాటుతుంది. నాలుగు మడులు పెడితే టన్ను పైమాటే. అందుకని మట్టి తగ్గించి కొబ్బరి పొట్టు, ఎరువు కలపండి. మడులను శ్లాబు నడుమ కాకుండా దూలాల మీద, గోడల మీదుగా పెట్టండి. ప్యాలెట్‌ను నిలబెట్టి కుండీలు తగిలించేవారు గోడకు గట్టిగా బిగించాలి. పిల్లలు పట్టుకుని ఎక్కితే మీద పడుతుంది.

చెదల సంగతి

వేడి చేసిన చెక్కకు చెదలు పట్టవని కొట్టువాళ్ళు చెబుతుంటారు. అది నిజం కాదు. వేడి అప్పటికి లోపల ఉన్న పురుగునే చంపుతుంది, తర్వాత వచ్చేదాన్ని ఆపదు. ప్యాలెట్లలో ఎక్కువగా వచ్చే పైన్‌, రబ్బరు, మామిడి కలపలకు మన నేలలో చెదలు త్వరగా పడతాయి. ఇటుకల మీదో, రాళ్ళ మీదో ఎత్తి పెట్టడం మొదటి మందు. నెలకొకసారి కింద మట్టి గూళ్ళు ఉన్నాయేమో చూసి గీకెయ్యాలి. పలాస వైపు జీడి ఫ్యాక్టరీల్లో వచ్చే జీడిపెంకు నూనెను పడవలకు, దూలాలకు పూయడం పాత అలవాటే. అది ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది కాబట్టి చేతికి తొడుగు వేసుకునే పూయాలి. వాడేసిన ఇంజను ఆయిలు మాత్రం కూరల మడికీ, మేకల నేలకూ పూయవద్దు.

కొనే ముందు ఈ నాలుగూ చూడండి

* ముద్ర చివర హెచ్‌.టి. లేదా డి.హెచ్‌. ఉందా?
* మరక, మందు వాసన, ఆకుపచ్చ ఛాయ లేకుండా ఉందా?
* దిమ్మలు నిజం చెక్కేనా? రంపపు పొట్టు వత్తి చేసినవైతే వానకు ఉబ్బి విడిపోతాయి.
* పలకలు విరగకుండా, చెదలు లేకుండా ఉన్నాయా?

ఇక పనికిరాని ముక్కల మాట. ఎం.బి. ముద్ర ఉన్నవీ, రంగు వేసినవీ, జిగురుతో వత్తినవీ పొయ్యిలో పెట్టవద్దు. ఆ పొగ వంట చేసే మనిషి ఊపిరిలోకే పోతుంది. హెచ్‌.టి. ముద్ర ఉన్న శుభ్రమైన ముక్కలైతే, మేకులు ఏరుకున్నాక, నీళ్ళ పొయ్యికి వాడుకోవచ్చు. బూడిదలో మిగిలిన మేకులను చూసి తీసెయ్యకుండా పెంటకుప్ప మీద పోయవద్దు. అక్కడ మేసేదీ మన పశువే.