స్ఫటికం, ఫాళిగ, పటిక



మనందరి ఇళ్లలో పటిక ముక్క ఉంటుంది. కలక నీళ్ల బిందెలో నాలుగుసార్లు తిప్పితే మట్టంతా అడుక్కి దిగుతుంది. ఈ పటిక అనే మాట ఎక్కడిదో తెలుసా? స్ఫటికం అనే రత్నం పేరే జనం నోట్లో అరిగి పటిక అయింది. వస్తువులు వేరు. రెండూ తెల్లగా, తేటగా కనబడతాయి గనుక పేరు కలిసింది. పిల్లలు చప్పరించే పటికబెల్లం కూడా అంతే. పాళీలో స్ఫటికాన్ని ఫలిక అంటారు.

ఈ పేరు మన నేల మీదే రాసి ఉంది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపం తవ్వించినప్పుడు రాతి పెట్టెలు, ధాతువులుంచిన స్ఫటిక భరిణె బయటపడ్డాయి. ఒక పెట్టె మీద క్రీస్తుకు పూర్వపు బ్రాహ్మీ అక్షరాల్లో, బుద్ధుని ధాతువులు ఉంచడానికి పెట్టె, ‘ఫాళిగ’ భరిణె చేయించామని కురుడు అనే అతను, అతని తల్లిదండ్రులు, శివుడు అనే మరొకరు రాయించారు. చూడండి, ఆ మాట అప్పటికే ఇక్కడి జనం వాడుకలో ఎంత మెత్తబడిందో!

వాళ్లు ఆ రాయిని దానమిచ్చారు. మనవాళ్లు కొందరు మాత్రం దీక్ష తీసుకున్నాక కూడా, మిర్చి ధర పడిపోయిందంటే చాలు, గ్రహం బాగాలేదని అప్పు చేసి రాయి ఉంగరం కొంటున్నారు. మణుల లక్షణాలు చూసి ఫలితం చెప్పి బతకడాన్ని బ్రహ్మజాల సుత్తంలో భగవానుడు హీన విద్యల్లో లెక్కగట్టాడు.

అయితే మన గ్రంథాల్లో ఒక మణి ఉంది. సద్ధా, అంటే శ్రద్ధ లక్షణం ఏమిటని మిళింద రాజు అడిగితే, నాగసేన భంతే ఇలా పోల్చి చెప్పారు: చక్రవర్తి సేన వాగు దాటింది. ఏనుగులు, గుర్రాలు తొక్కి నీళ్లు బురదయ్యాయి. రాజు దాహమన్నాడు. నీళ్లను తేర్చే మణి అందులో వేశారు. బురద దిగింది, రాజు తాగాడు. సద్ధా పుట్టిన మనసు అలా తేటపడుతుందన్నారు. కోరిక, కోపం, మందకొడితనం, కలత, సందేహం అడుక్కి దిగుతాయి.

నీళ్ల కలక మనకు ఉత్త ఉపమానం కాదు. 1985 జూలైలో కారంచేడులో, మాదిగపల్లె తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దని అడ్డుచెప్పిన దగ్గర మొదలైన గొడవలో ఆరుగురు హత్యకు గురయ్యారు. సద్ధా గురించి చదువుతూ ఆ చెరువును మరిచిపోవడం నాకైతే చేతకాదు.

ఈ పాఠం చదివే రోజు విహారంలో గాజు గ్లాసుతో చెరువు నీళ్లు పెట్టండి. పిల్లల చేత పటిక తిప్పించి, మట్టి దిగేదాకా ఎవర్నీ గ్లాసు కదపనివ్వకండి.