చివరి అధ్యాయం

పాఠ్యభాగ ఉద్దేశం

తెలుగు నవలా వికాసాన్ని వివరించే గ్రంథాలలో అపరాధ పరిశోధక నవలకు దక్కిన చోటు స్వల్పం. పాఠకుల చేతులలో మాత్రం దానికి దక్కిన చోటు చాలా పెద్దది. ఈ నవలాశాఖ పుట్టుపూర్వోత్తరాలను, మిత్రులు ఇటువంటి నవలను ఒకరికొకరు పరిచయం చేసుకొనే పద్ధతిని, హైదరాబాదు పాతబస్తీలో అది రెండు భాషల పాఠకులను కలిపిన తీరును తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నేను ఇంటర్మీడియట్ చదివిన రోజులలో, అంటే 1970వ దశకం తొలి సంవత్సరాలలో, మా ఇల్లు శాలిబండలో ఉండేది. నా సహాధ్యాయి ఒకడు మా పక్క గల్లీలోనే నివసించేవాడు. అతని ఇంటి భాష ఉర్దూ, మా ఇంటి భాష తెలుగు. అతడు తెలుగు చక్కగా మాట్లాడేవాడు గాని చదవలేడు. నేను ఉర్దూ ధారాళంగా మాట్లాడేవాణ్ణి గాని చదవలేను. ఇద్దరికీ ఉన్న వ్యసనం ఒక్కటే. అది అపరాధ పరిశోధక నవల.

నా సంచిలో కొమ్మూరి సాంబశివరావు నవల ఒకటి ఎప్పుడూ ఉండేది. డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు మా ఇంటివారికంటె నాకు దగ్గరివారు. అతని సంచిలో ఇబ్నె సఫీ నవల ఉండేది. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్‌ల సాహసాలు అతనికి కంఠస్థం. కళాశాలకు నడిచి వెళ్ళేటప్పుడు చార్మినారు దాటి, గుల్జార్ హౌజ్, పత్థర్‌గట్టీల మీదుగా మదీనా కూడలి చేరేలోపు ఒకరోజు నేను, ఒకరోజు అతడు కథ చెప్పుకొనేవాళ్ళం. మా ఒడంబడికలో నియమం ఒక్కటే. "ఆఖరీ బాత్ నక్కో బోల్నా" అనేవాడు అతడు. చివరి మాట చెప్పకూడదని దాని అర్థం.

ఈ నియమం మేము కనిపెట్టినది కాదు. అపరాధ పరిశోధక నవల నిర్మాణంలోనే అది ఇమిడి ఉన్నది. ఇతర నవలలలో కథ ముందుకు నడుస్తుంది. ఈ నవలలో కథ వెనుకకు నడుస్తుంది. నేరం జరిగిపోయిన తరువాత పరిశోధకుడు ఒక్కొక్క ఆధారాన్ని పట్టుకొని, జరిగినదానిని తిరిగి నిర్మిస్తాడు. పాఠకుడు అతనితోపాటు నడుస్తూ, అతనికంటె ముందుగా నేరస్థుణ్ణి గుర్తించాలని ప్రయత్నిస్తాడు. ఇది రచయితకు, పాఠకునికి మధ్య జరిగే పందెం వంటిది. ముగింపు ముందే తెలిసిన పాఠకుడు ఆడకుండానే ఓడిపోయినవాడవుతాడు.

ఈ ప్రక్రియకు ఆద్యుడు అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో అని విమర్శకులు భావిస్తారు. 1841లో వెలువడిన 'ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్' అనే కథలో ఆయన ద్యుపాఁ అనే పరిశోధకుణ్ణి సృష్టించాడు. 1887లో ఆర్థర్ కోనన్ డాయిల్ సృష్టించిన షెర్లాక్ హోమ్స్ లోకప్రసిద్ధుడైనాడు. 1893లో డాయిల్ ఒక కథలో హోమ్స్ మరణించినట్లు వ్రాయగా పాఠకులు తీవ్రంగా నిరసించారు. పదేళ్ళకు 1903లో రచయిత ఆ పాత్రను మళ్ళీ బ్రతికించక తప్పలేదు. 1920లో తొలి నవల ప్రచురించిన అగాథా క్రిస్టీ ఈ ప్రక్రియను పరాకాష్ఠకు చేర్చింది. ఆమె రచించిన 'ది మౌస్‌ట్రాప్' నాటకం 1952లో లండన్‌లో మొదలైనది. ప్రదర్శన ముగిసిన తరువాత హంతకుడెవరో బయట చెప్పవద్దని ప్రేక్షకులను కోరడం అక్కడ సంప్రదాయమైనది. మా నడకలోని నియమం, లండన్ రంగస్థలం మీది నియమం ఒకటే కదా!

రచయితకు కూడా నియమాలున్నాయి. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత ఈ నవలలకు పది సూత్రాలు ఏర్పరచినాడు. నేరస్థుడు కథ మొదటి భాగంలోనే పాఠకునికి కనిపించాలి. పరిశోధకునికి దొరికిన ఆధారం పాఠకునికి కూడా దొరకాలి. అతీంద్రియ శక్తులతోగాని, కాకతాళీయంగాగాని చిక్కు విడిపోరాదు. ఈ సూత్రాల సారం న్యాయం. అన్ని ఆధారాలూ పాఠకుని కళ్ళ ముందు ఉంచి కూడా అతణ్ణి ఆశ్చర్యపరచగలిగినవాడే ఉత్తమ రచయిత.

హైదరాబాదు సంస్థానానికి, నేరకథా సాహిత్యానికి ఉన్న సంబంధం పో కంటె పాతది. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ అనే ఆంగ్లేయుడు 1839లో 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' అనే నవల ప్రకటించాడు. అమీర్ అలీ అనే థగ్గు తన నేరాలను తానే చెప్పుకొనే కథ అది. అందులో పరిశోధన కంటె నేరస్థుని మనస్సే ప్రధానం. దక్కను దారులలో విన్న, కన్న విషయాలు దానికి ముడిసరుకైనవి.

తెలుగులో ఈ శాఖ మొదట బెంగాలీ నుండి వచ్చినది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో పాంచకడి దేవ్ నవలలు తెలుగులోకి అనువాదమై విశేషంగా చదువబడినవి. దేవరాజు వేంకటకృష్ణారావు రచించిన 'వాడే వీడు' తొలినాటి తెలుగు అపరాధ పరిశోధక నవలలలో ఒకటి. స్వాతంత్ర్యానంతరం కొమ్మూరి సాంబశివరావు, టెంపోరావు మొదలైనవారు జేబులో పట్టే చిన్న పుస్తకాల ద్వారా లక్షలాది పాఠకులను ఆకట్టుకొన్నారు. ఆ తరువాతి తరానికి మధుబాబు సృష్టించిన షాడో ఆరాధ్యుడైనాడు. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' వంటి మహాగ్రంథాన్ని నిర్మించిన ఆరుద్ర సైతం 'పలకల వెండిగ్లాసు' వంటి అపరాధ పరిశోధక నవలలు వ్రాశాడు. ఈ నవలలను చులకనగా చూసేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఉర్దూలో ఈ కీర్తి ఇబ్నె సఫీది. ఆయన అసలు పేరు అస్రార్ అహ్మద్. 1952లో అలహాబాదు నుండి 'జాసూసీ దునియా' నవలామాలను ఆరంభించి, అదే సంవత్సరం పాకిస్తానుకు తరలిపోయాడు. 1955లో 'ఇమ్రాన్' నవలామాలను ప్రారంభించాడు. 1980లో కరాచీలో మరణించేవరకు ఆయన కలం దాదాపు ఆగలేదు. రచయిత సరిహద్దుకు ఆవల ఉన్నా, అలహాబాదు ముద్రణలు పాతబస్తీ పాఠకులకు అందుతూనే ఉండేవి.

ఇక మా కథకు వద్దాం. మా గల్లీ చివర ఒక అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. రోజుకు పది పైసలు అద్దె. ఒకనాడు నేను తెచ్చుకొన్న యుగంధర్ నవలలో నాలుగవ అధ్యాయం దగ్గర ఎవరో పాఠకుడు పెన్సిలుతో హంతకుని పేరు వ్రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. నాకు పట్టరాని కోపం వచ్చినది. మరునాడు ఆ కథ మిత్రునికి చెబుతూ, గుల్జార్ హౌజ్ దగ్గర, నాకు దక్కని ఆనందం ఇతనికి మాత్రం ఎందుకు దక్కాలన్న దుర్బుద్ధితో ఆ పేరు చెప్పివేశాను. అతడు ఆగిపోయాడు. "నక్కో బోలా థా నా, యార్!" అన్నాడు. అంతే. తరువాత వారం రోజులు అతడు రోడ్డుకు ఆ పక్కన, నేను ఈ పక్కన నడిచి కళాశాలకు వెళ్ళాం.

ఎనిమిదవ రోజున అతడే నా పక్కకు వచ్చాడు. ఏమీ జరగనట్లు ఇబ్నె సఫీ నవల ఒకటి చెప్పనారంభించాడు. మూడు రోజులు చెప్పాడు. కథ పతాకసన్నివేశం చేరింది. మదీనా కూడలి వద్ద సంచిలోనుండి పుస్తకం తీసి నా చేతిలో పెట్టి, "ఆఖరీ బాబ్ తూచ్ పఢ్ లే" అన్నాడు. చివరి అధ్యాయం నువ్వే చదువుకో అని అర్థం. చదవలేనని అతనికి తెలుసు. అది శిక్షయో, బహుమానమో నాకు ఆనాడు తెలియలేదు.

ఎంత బ్రతిమాలినా అతడు చెప్పలేదు. చివరికి వారి నానీమానే ఆశ్రయించాను. ఆమె నవ్వి, "రా బేటా, కూర్చో" అని పలక మీద అలిఫ్, బే దిద్దించింది. చుక్క ఒకటా, రెండా, పైనా, కిందా అన్నది గుర్తించడానికే పక్షం పట్టింది. రెండు నెలల తరువాత, మాటమాటకూ వేలు పెట్టుకొంటూ, ఆ అధ్యాయం ముగించాను. నేను అనుమానించిన మనిషి నిర్దోషి. ఆనాటి ఆనందం వేయి నవలలు చదివినా తిరిగి రాలేదు. మిత్రుడు కూడా ఊరుకోలేదు. యుగంధర్‌ను తానే చదవాలని నా వద్ద అ, ఆలు మొదలుపెట్టాడు. గుణింతాలు త్వరగానే వచ్చినవి గాని, ఒత్తులు అతణ్ణి కడవరకు వేధించినవి.

ఈ అనుభవం నుండి పుస్తక పరిచయానికి సంబంధించిన కొన్ని విషయాలు గ్రహించాను. నవలను పరిచయం చేసేవాడు నేరమేమిటో, ఎక్కడ జరిగిందో చెప్పవచ్చు. పరిశోధకుని స్వభావాన్ని వర్ణించవచ్చు. భాష ఎటువంటిదో, కథ వేగం ఎటువంటిదో చెప్పవచ్చు. నేరస్థుణ్ణి గాని, చిక్కు విడిపోయే విధానాన్ని గాని సూచించరాదు. "చివర్లో ఒక గొప్ప మలుపు ఉంది" అనడం సైతం సగం రహస్యం చెప్పడమే. అన్నిటికంటె ముఖ్యంగా వినేవాని అభిరుచి తెలియాలి. రక్తపాతం సహించలేనివానికి మేధకు పదునుపెట్టే నవలను, ఓపిక లేనివానికి సాహసగాథను సూచించాలి. మంచి పరిచయం పుస్తకాన్ని కాక, పాఠకుణ్ణి దృష్టిలో ఉంచుకొని చేసేది.

ఇటువంటి నవలలు యువకులను చెడగొట్టునని పెద్దలు భయపడటం కద్దు. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. హింసను వినోదంగా చూపే చౌకబారు రచనలు అన్ని భాషలలోనూ ఉన్నవి. అయితే మంచి అపరాధ పరిశోధక నవల పాఠకునికి తొందరపాటు కూడదని నేర్పుతుంది. అనుమానం వేరు, రుజువు వేరు అని బోధిస్తుంది. నిజజీవితంలోనూ ఇదే వర్తిస్తుంది. 2018 సెప్టెంబరులో పాతబస్తీలోని పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియం నుండి రత్నఖచితమైన బంగారు టిఫిన్ డబ్బా, బంగారు కప్పు, సాసరు, చెంచా చోరీ అయినవి. దొంగలు వెంటిలేటరు గుండా తాడుతో దిగినారు. వినడానికి నవలలాగే ఉన్నది. పోలీసులు కెమెరాలలో నమోదైన దృశ్యాలను ఓపికగా పరిశీలించి, పది రోజులు తిరగకముందే ఇద్దరిని పట్టుకొని సొత్తు స్వాధీనం చేసుకొన్నారు. అక్కడ పనిచేసినది అద్భుతమైన ఊహ కాదు, విసుగులేని పరిశీలన.

నేడు మా గల్లీలో అద్దె పుస్తకాల దుకాణం లేదు. ఆ పాత జేబు నవలలు ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాట మీద అప్పుడప్పుడు కనిపిస్తాయి. నా వద్ద ఒక యుగంధర్ నవల మిగిలి ఉన్నది. మిత్రుడు స్వయంగా చదివి తిరిగి ఇచ్చిన మొదటి తెలుగు పుస్తకం అది. దాని నాలుగవ అధ్యాయం దగ్గర, అంచున, వంకరటింకర తెలుగు అక్షరాలలో పెన్సిలుతో అతడు ఇట్లా వ్రాశాడు: "చెపను. నువే చదువు." రెండు మాటలలోనూ ఒత్తు లేదు. నేను దిద్దలేదు.

కఠిన పదాలకు అర్థాలు

పుట్టుపూర్వోత్తరాలు = మొదటినుండి ఉన్న చరిత్ర
ఒడంబడిక = ఒప్పందం
ఆద్యుడు = మొదటివాడు
పరాకాష్ఠ = అత్యున్నత స్థితి
కాకతాళీయం = అనుకోకుండా జరిగినది
పక్షం = పదిహేను రోజులు
కద్దు = ఉన్నది
రత్నఖచితం = రత్నాలు పొదిగినది

అభ్యాసం

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. తెలుగులోనూ, ఉర్దూలోనూ అపరాధ పరిశోధక నవల వికసించిన తీరును వివరించండి.
2. 'చివరి అధ్యాయం' రచయితకు శిక్షా, బహుమానమా? పాఠం ఆధారంగా మీ అభిప్రాయాన్ని సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. రొనాల్డ్ నాక్స్ సూత్రాల సారమేమి?
2. అపరాధ పరిశోధక నవలలో కథ వెనుకకు నడుస్తుందనడంలో ఉద్దేశమేమి?
3. పుస్తకాన్ని పరిచయం చేసేవాడు పాటించవలసిన మర్యాదలు ఏవి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఇబ్నె సఫీ అసలు పేరేమి?
2. 'పలకల వెండిగ్లాసు' రచయిత ఎవరు?
3. రచయితకు ఉర్దూ అక్షరాలు నేర్పినదెవరు?

ఈ) భాషాకార్యం
1. మిత్రుడు వ్రాసిన వాక్యాలను ఒత్తులతో సరిగా వ్రాయండి.
2. మీరు చదివిన ఒక నవలను, ముగింపు తెలియనీయకుండా, పది వాక్యాలలో మీ మిత్రునికి పరిచయం చేస్తూ లేఖ వ్రాయండి.