ఎడమవైపు మెనూ ఎందుకు నిండిపోయింది?

ప్రశ్న: శ్రీకాళహస్తి కలంకారీ చీరలు అమ్మడానికి వర్డ్‌ప్రెస్‌లో సైటు పెట్టుకున్నాం. ఏ ప్లగిన్ సెట్టింగు ఎక్కడుందో వెతకడమే పనైపోతోంది. దుకాణంలో అమ్మాయి పొరపాటున ఒక ప్లగిన్ ఆపేస్తే ఆర్డర్లు ఆగిపోయాయి. ఏం చేయాలి?
– పాఠకురాలు, తిరుపతి

జవాబు: తప్పు మీది కాదు, ఆ అమ్మాయిది అసలే కాదు. ప్లగిన్ పేజీ ఎక్కడ కనిపించాలో దాన్ని రాసినవాళ్లే నిర్ణయిస్తారు. 'సెట్టింగ్స్' కింద ఒక వరుసగా పెట్టొచ్చు, మెనూలో సొంత పేరుతోనూ నిలబెట్టొచ్చు. ఒక్క పేజీ ఉన్న ప్లగిన్‌కి మొదటిదే మర్యాద అని నా నమ్మకం. చాలామంది రెండోదే ఎంచుకోవడంతో మెనూ బ్రహ్మోత్సవాల నాటి మాడవీధిలా తయారవుతుంది.

బ్యాకప్ తీసుకుని, వాడని ప్లగిన్లను డీయాక్టివేట్ చేయండి. వారంపాటు అమ్మకాలు మామూలుగా సాగితే తొలగించండి. మిగిలినవాటిలో చాలావాటికి 'ప్లగిన్స్' పేజీలో పేరు కిందే 'సెట్టింగ్స్' లింకు ఉంటుంది. అక్కణ్నుంచే వెళ్లండి.

అసలు మార్చాల్సింది ఆ అమ్మాయి లాగిన్. అడ్మినిస్ట్రేటర్ హోదా మీ ఒక్కరికే ఉంచుకోండి. అమ్మకాలకు వూకామర్స్ ప్లగిన్ వాడుతుంటే ఆమెకు 'షాప్ మేనేజర్' హోదా ఇవ్వండి. ఆర్డర్లు, చీరల వివరాలు చూసుకుంటుంది, ప్లగిన్ల జాబితా ఆమెకు కనిపించదు. వూకామర్స్ సెట్టింగ్స్ మాత్రం తెరుచుకుంటాయి, అందులో 'పేమెంట్స్' ముట్టుకోవద్దని ముందే చెప్పండి. 2016లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.7 వెర్షన్ నుంచి మెనూలకు ఎవరి భాష వాళ్లు ఎంచుకోవచ్చు. ఆమె ప్రొఫైల్‌లో తెలుగు పెట్టండి.