కొట్టు లెక్కలు, ఇంటి కాగితాలు: బీకాం తర్వాత ఓ దారి

బీకాం ఆఖరి ఏడాది పిల్లల్ని తర్వాత ఏం చేస్తారని అడిగితే బ్యాంకు పరీక్షలంటారు, గ్రూప్స్ అంటారు, ధైర్యం ఉన్నవాళ్లు సీఏ అంటారు. వాళ్ల ఊరి మెయిన్ రోడ్డు మీదున్న ఎరువుల కొట్టుకీ, బట్టల షాపుకీ, రైస్ మిల్లుకీ ప్రతి నెలా ఎవరో ఒకరు జీఎస్టీ రిటర్నులు వేస్తూనే ఉంటారు. ఆ పని తామూ చేయవచ్చన్న ఆలోచన మాత్రం చాలామందికి రాదు.

చట్టంలో ఈ పనికి జీఎస్టీ ప్రాక్టీషనర్ అని పేరు. కామర్స్, లా, బ్యాంకింగ్, బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ వంటి డిగ్రీ ఉన్నవారు జీఎస్టీ పోర్టల్లో పీసీటీ-01 ఫారంతో దరఖాస్తు చేసుకోవచ్చు. అధికారి ఆమోదిస్తే పీసీటీ-02 ధ్రువపత్రం వస్తుంది. కేంద్ర పరోక్ష పన్నుల శిక్షణ సంస్థ నాసిన్ నిర్వహించే పరీక్ష సంగతి కూడా నిబంధనల్లో ఉంది. అది మీకు వర్తిస్తుందో లేదో దరఖాస్తు చేసేటప్పుడే చూసుకోండి.

అయితే ధ్రువపత్రం గోడకు తగిలించినంత మాత్రాన షాపులవాళ్లు వెతుక్కుంటూ రారు. నా సలహా అడిగితే, ముందు పేరున్న ఆడిటర్ దగ్గరో ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరో రెండేళ్లు కూర్చోండి. జీతం తక్కువే ఉంటుంది. కానీ కోచింగ్ సెంటర్లో ట్యాలీ ఎంట్రీలు నేర్పుతారు గానీ, నూనె మిల్లు యజమాని సంచిలో తెచ్చి పోసిన బిల్లుల్లో ఏది పనికొస్తుందో నేర్పరు. సరఫరాదారు తన బిల్లును పోర్టల్లో ఎక్కించకపోతే అది మన వ్యాపారి 2బీ స్టేట్‌మెంట్‌లో కనపడదు, కట్టిన పన్నుకు క్రెడిట్ రాదు. అసలు పనంతా ఆ తేడాలు పట్టుకుని, ఫోన్లు చేసి, సరిచేయించడంలోనే ఉంది. గడువులూ గుర్తుండాలి: అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కు తర్వాతి నెల 11వ తేదీ, పన్ను కట్టే 3బీకి 20. మూడు నెలలకోసారి వేసేవారికి 13, మన రెండు రాష్ట్రాల్లో 3బీకి 22. గడువు దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, వ్యాపారమే లేని నెలైనా రోజుకు 20.

సరిహద్దు ఊళ్లలో ఇంకో తమాషా ఉంది. సరుకుల వ్యాపారికి నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్, తెలంగాణలో 20 లక్షలే. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే 30 లక్షల వ్యాపారి కోదాడలో ఉంటే మామూలుగా నమోదు కావాల్సిందే, జగ్గయ్యపేటలో ఉంటే అక్కర్లేదు. ఇలాంటివి తెలిసినవాడిని వ్యాపారులు వదలరు.

రిటర్నులతో మొదలైన పరిచయం మెల్లగా ఇంటి దాకా వెళ్తుంది. ఈ వృత్తిలో లోతు తెలిసేది అక్కడే. చిన్న దుకాణాల్లో చాలావరకు సొంతదారు పేరు మీద నడిచేవే, అంటే చట్టం దృష్టిలో దుకాణం వేరు, మనిషి వేరు కాదు. ఆయన పోయాక కొడుకు అదే జీఎస్టీ నంబరుతో బిల్లులు కొడుతూ పోతే చిక్కుల్లో పడతాడు. వారసుడు ముందు తన పేరున కొత్త నమోదు తీసుకోవాలి, ఐటీసీ-02 ఫారంతో మిగిలిన క్రెడిట్‌ను మార్చుకోవాలి, పాత నంబరు రద్దుకు దరఖాస్తు ఆ తర్వాతే. వరస తప్పితే మిగిలిన క్రెడిట్‌కే ఎసరు.

నామినీ సంగతీ అంతే. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. కానీ నామినీ డబ్బు తీసుకునే మనిషే తప్ప వారసత్వ చట్టాన్ని దాటి సొంతదారు కాడని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. ఈ సంగతి తెలియకే అన్నదమ్ముల మధ్య మాటలు పోతుంటాయి. తెల్లకాగితం మీద రాసినా, రిజిస్టర్ చేయించకపోయినా, ఇద్దరు సాక్షులు చట్టప్రకారం సంతకాలు పెడితే వీలునామా చెల్లుతుందని ఆ ఇంటి పెద్దకు ఒకసారి చెప్పండి. కానీ రాసిపెట్టే పని మీరు నెత్తిన వేసుకోవద్దు. ఆస్తుల తగాదా వాసన తగిలితే న్యాయవాది దగ్గరికి పంపండి. మీకే అటు ఆసక్తి పుడితే డిగ్రీ మీద మూడేళ్ల లా కోర్సుకు రెండు రాష్ట్రాల్లోనూ లాసెట్ ఉంది.

మ్యూచువల్ ఫండ్లు అమ్మడానికి ఎన్ఐఎస్ఎం 5-ఏ పరీక్ష పాసై యాంఫీ దగ్గర ఏఆర్ఎన్ నంబరు తీసుకోవాలి. చాలామంది ట్యాక్స్ పనికి దీన్ని జోడిస్తారు. నాకు అంతగా నచ్చదు. లెక్కలు చూసే మనిషికి కమీషన్ కూడా వస్తుంటే, ఆయన సలహా ఎవరి మేలుకోసమో ఇంటివాళ్లకు అనుమానం రాక మానదు. చేసేటట్టయితే కమీషన్ సంగతి ముందే చెప్పేయండి.

ఆదాయపు పన్ను పుస్తకాలు కొనేవారు కాస్త చూసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వస్తుంది, పాత 80సీ అందులో 123 అవుతుంది. అంతకు ముందు ఏళ్ల రిటర్నులకు 1961 చట్టమే కాబట్టి కొన్నాళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకోవాల్సిందే.

సొంతంగా మొదలుపెట్టాక ఒక అలవాటుకు మాత్రం దూరంగా ఉండండి. నమోదు చేసేటప్పుడు వ్యాపారి ఫోన్ నంబరు, మెయిల్ బదులు తమవి ఇచ్చేవాళ్లున్నారు. ఓటీపీ కోసం ప్రతిసారీ ఆయన్ని విసిగించక్కర్లేదని వాళ్ల వాదన. కానీ ఇలా చేస్తే శాఖ పంపిన నోటీసులు ఆయన కంటపడవు, ఫీజు దగ్గర మాట తేడా వచ్చి ఆయన మరొకరి దగ్గరికి వెళ్లాలనుకుంటే ఆయన ఖాతా తాళం మీ జేబులో ఉంటుంది. నంబరు ఆయనదే పెట్టించండి, నెలకెంతో ఫీజు ముందే కాగితం మీద రాసుకోండి.