గర్భిణి, రక్తపు గడ్డ, రక్తం పలచబరిచే మందు: తరచూ అడిగే ప్రశ్నలు

ఇందులో ‘రక్తపు గడ్డ’ అంటే కాలి లోపలి సిరలో గాని ఊపిరితిత్తుల్లో గాని రక్తం గడ్డకట్టి ప్రవాహానికి అడ్డుపడటం. ‘రక్తం పలచబరిచే మందు’ అంటే హెపారిన్ సూదిమందు, వార్ఫరిన్ మాత్ర, ఆ కోవకు చెందినవి.

1. ఏ లక్షణం కనబడితే ఆగకూడదు?
ఒక కాలే వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గితే రక్తం పడటం. నీరు పట్టిందని సరిపెట్టుకోవద్దు. అది సాధారణంగా రెండు కాళ్లకూ పడుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి.

2. వార్ఫరిన్ వాడుతుండగా నెల తప్పితే?
అదే రోజు వైద్యులను కలవండి, సొంతంగా మానకండి. వార్ఫరిన్ మాయను దాటి బిడ్డను చేరుతుంది, 6 నుంచి 12 వారాల మధ్య హాని ఎక్కువ. హెపారిన్ మాయను దాటదు. మినహాయింపు: గుండెలో లోహపు కవాటం ఉన్నవారికి వార్ఫరినే కొనసాగించవలసి రావచ్చు. అది గుండె వైద్యులు, ప్రసూతి వైద్యులు కలిసి తేల్చాలి.

3. నొప్పులు మొదలయ్యాక హెపారిన్ వేసుకోవచ్చా?
వైద్యులు చెప్పనిదే వద్దు. ఎనాక్సాపారిన్ వంటి హెపారిన్ వాడినవారికి వెన్నులో మత్తు ఇవ్వాలంటే, నివారణ మోతాదు తర్వాత కనీసం 12 గంటలు, చికిత్స మోతాదు తర్వాత 24 గంటలు గడవాలి. అందుకే ఆఖరి సూది వేసిన తేదీ, గంట, మోతాదు తల్లీబిడ్డల కార్డు మీద రాసి ఉంచండి. నరసన్నపేట వంటి ఊరి ఆసుపత్రి నుంచి శ్రీకాకుళానికో విశాఖకో పంపితే ఆ కార్డు మీ చేతిలోనే ఉండాలి.

4. కాన్పు తర్వాత మందు మానవచ్చా?
గర్భంలో రక్తపు గడ్డ వచ్చినవారు కాన్పు తర్వాత కనీసం 6 వారాలు, మొత్తం మీద 3 నెలలకు తగ్గకుండా రక్తం పలచబరిచే మందు వాడాలి. హెపారిన్, వార్ఫరిన్ వాడుతూ పాలివ్వవచ్చు. రివరాక్సాబాన్, అపిక్సాబాన్ వాడుతూ ఇవ్వరాదు. పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించి, మంచం దిగనివ్వకపోతే రక్తపు గడ్డ ప్రమాదం పెరుగుతుంది.

5. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు కట్టాలా?
అక్కర్లేదు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితం. మందు బయట కొనమంటే చీటీ రాయించుకుని, సూపరింటెండెంటుకు లిఖితపూర్వకంగా తెలపండి.

6. వైద్య రికార్డులు ఇస్తారా?
రోగి గాని, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గాని కోరితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. అర్జీ నకలుపై అందినట్టు సంతకం తీసుకోండి.

7. ఫిర్యాదుకు గడువెంత?
డబ్బు చెల్లించి పొందిన వైద్యంలో లోపం ఉంటే, కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. అందరికీ ఉచితంగానే వైద్యం చేసే ఆసుపత్రికి ఇది సాధారణంగా వర్తించదు.

గడువు దాటిన ఫిర్యాదుకు ఆలస్యానికి తగిన కారణం చూపి మన్నించమని కోరవచ్చు. ఆఖరి సూది ఎన్ని గంటలకు వేశారో తెలియకపోతే మాత్రం కాన్పు గదిలో దానికి మన్నింపు లేదు. ఆ గంట ఈరోజే రాసుకోండి.