నారుమడిలోనే గ్రేడు కట్టగలమా?

గుంటూరు మిర్చి యార్డుకు మీరెప్పుడైనా వెళ్లారా? వెళ్లి వుంటే ఈ దృశ్యం చూసే వుంటారు. వరుసగా పేర్చిన మిరప బస్తాల మధ్య వ్యాపారి నడుస్తూ వుంటాడు. ఒక బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు పైకి తీస్తాడు. రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, కాయను విరిచి తేమ చూస్తాడు, తాలు కాయలు ఎన్ని వున్నాయో చూస్తాడు. ఆ తర్వాత ధర చెబుతాడు. కాయ పండింది, కోశారు, కల్లంలో ఎండింది. ఇక అది మారదు. కాబట్టి దానికి గ్రేడు కట్టవచ్చు.

ఇప్పుడు ఒక సంగతి ఊహించండి. అదే వ్యాపారి వానకారులో మీ నారుమడి దగ్గరకు వచ్చాడు. ఇంకా పొలంలో నాటని లేత మొక్కలను చూసి, “ఈ మొక్క కాయ మొదటి రకం, ఆ మొక్క కాయంతా తాలు” అని అప్పుడే ధర కట్టాడు. మీ నాన్నగారు ఒప్పుకుంటారా? నవ్వి పంపేస్తారు. నేల, నీరు, ఎరువు, తెగులు, వాన ఇవన్నీ ఇంకా ముందున్నాయని రైతుకు తెలుసు.

మరి మన పిల్లల విషయంలో ఏం జరుగుతున్నది? ఐదేళ్ల పాప చకచకా లెక్కలు చెబితే “ఇది మేధావి” అంటాం. తొమ్మిదేళ్ల బాబుకు ఒక పరీక్షలో మార్కులు తగ్గితే “వీడికి లెక్కలు అబ్బవు” అంటాం. చిన్న తరగతిలోనే పరీక్ష పెట్టి ఒకరిని ముందు సెక్షనుకు, మరొకరిని వెనక సెక్షనుకు పంపడం మీలో చాలామంది ఎరిగినదే. ఇలా ముందుగా కొలిచిన కొలత ఎంత నమ్మదగినది? ఇది శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. శాస్త్రీయంగానే చూద్దాం.

తెలివికి కొలబద్ద ఎలా వచ్చింది?

ఫ్రాన్సు దేశంలో ఆల్ఫ్రెడ్ బినే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వుండేవాడు. బడిలో వెనకబడిన పిల్లలలో ఎవరికి ప్రత్యేక సహాయం కావాలో తెలుసుకోవడానికి ఆయన, థియోడర్ సిమోన్ కలిసి 1905లో ఒక పరీక్ష తయారుచేశారు. తేలిక ప్రశ్నల నుంచి కష్టమైన ప్రశ్నల దాకా వరుసగా వుంటాయి. సగటున ఎనిమిదేళ్ల పిల్లలు చేయగలిగినవి ఒక పిల్ల చేస్తే, ఆమె మానసిక వయస్సు 8 సంవత్సరాలు అన్నమాట.

1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ ఈ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించాలన్నాడు. వచ్చిన లబ్ధాన్ని 100తో గుణిస్తే వచ్చేదే ప్రజ్ఞాలబ్ధి. వాడుకలో దీన్నే ఐ.క్యూ. అంటారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. బినే తన పరీక్షను మేధావులను ఏరడానికి తయారుచేయలేదు. పిల్లల తెలివి పుట్టుకతోనే బిగుసుకుపోయిన పరిమాణమనీ ఆయన అనుకోలేదు. సాధనతో, మంచి బోధనతో అది పెరుగుతుందని ఆయన అభిప్రాయం. సహాయం చేయడానికి పుట్టిన పరీక్ష తర్వాతి కాలంలో ముద్ర వేసే పరీక్షగా మారింది.

వయస్సు తక్కువైనకొద్దీ ఊగిసలాట ఎక్కువ

ఒక చిన్న లెక్క చేద్దాం. నాలుగేళ్ల పాప ఐదేళ్ల పిల్లల ప్రశ్నలు చేసింది. స్టెర్న్ పద్ధతిలో ఆమె ప్రజ్ఞాలబ్ధి 5 ÷ 4 × 100 = 125. ఆ రోజు పాపకు నిద్ర చాలలేదు, లేదా కొత్త మాస్టారిని చూసి బెదిరింది. అర్ధ సంవత్సరం విలువైన ప్రశ్నలు తప్పాయి. అప్పుడు 4.5 ÷ 4 × 100 = 112.5. అంటే పన్నెండున్నర తగ్గిపోయింది!

పదేళ్ల బాబుకు ఇదే జరిగితే? పదకొండేళ్ల పిల్లల ప్రశ్నలు చేసినప్పుడు 110. అర్ధ సంవత్సరం తగ్గితే 105. తేడా 5 మాత్రమే. పొరపాటు ఒకటే, వయస్సు తక్కువైన చోట అది పెద్దదై కనిపించింది.

నేడు ఈ భాగాహారం వాడరు. అదే వయస్సు పిల్లల సగటును 100గా పెట్టుకొని పోలుస్తారు. అయినా చాలా చిన్న వయస్సులో చేసిన కొలత తర్వాతి వయస్సులోని కొలతతో అంత బాగా సరిపోలదు. పిల్లలు పెద్దవుతున్నకొద్దీ కొలత నిలకడకు వస్తుంది. అందుకే నిపుణులు ఫలితాన్ని ఒక్క అంకెగా కాక, “ఇంత నుంచి ఇంత వరకు వుండవచ్చు” అని చెబుతారు.

పుట్టిన నెల కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే తరగతిలో ఒకరికి జూన్‌లో ఐదేళ్లు నిండాయి, మరొకరికి అంతకు 11 నెలల ముందే నిండాయి అనుకోండి. 60 నెలల జీవితంలో 11 నెలలంటే దాదాపు ఐదో వంతు! పెద్ద పిల్ల ముందుండటంలో వింత లేదు. పదో తరగతికి వచ్చేసరికి వయస్సు 180 నెలలు. అప్పుడు ఆ 11 నెలలు పదహారో వంతు మాత్రమే. “చురుకైన పిల్ల”, “మందకొడి పిల్ల” అనే పేర్లు మాత్రం మిగిలిపోతాయి.

అదృష్టం పాలు ఎంత?

గ్రామాల పిల్లలకు పరీక్షలు మేలు కూడా చేశాయి. ఈ మాట మరచిపోకూడదు. గుంటూరు జిల్లా తాడికొండలోని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ గురుకుల పాఠశాల గురించి మీరు వినే వుంటారు. 1986 జాతీయ విద్యావిధానం నవోదయ విద్యాలయాలకు బాట వేసింది. ఇప్పటి పల్నాడు జిల్లా మద్దిరాలలో ఒకటి, ఒంగోలులో ఒకటి వున్నాయి. వీటిలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లే కుటుంబాల పిల్లలకు ఇంత మంచి చదువు ఉచితంగా దొరకడం చిన్న సంగతి కాదు.

కాని ఆ పరీక్షలో తప్పిన పిల్ల తెలివి తక్కువదా? లెక్క వేసి చూద్దాం. ఆరో తరగతి ప్రవేశానికి నవోదయ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అంటే ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కులు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులిస్తారు, ఒకటి ఎంచుకోవాలి. పదిమంది పిల్లలు సమానంగా చదివారు. ప్రతి ఒక్కరికీ 8 ప్రశ్నలు తెలియలేదు, కళ్లు మూసుకొని గుర్తు పెట్టారు. సగటున రెండేసి సరిపోవాలి. కాని సంభావ్యతా సూత్రం ప్రకారం ఆ పదిమందిలో సుమారు ఒకరికి ఒక్కటీ సరిపోదు, మరొకరికి నాలుగో అంతకు మించో సరిపోతాయి. నాలుగు ప్రశ్నలంటే 5 మార్కులు. చదువులో తేడా లేకుండానే 5 మార్కుల తేడా వచ్చింది! ఒక్కో విద్యాలయంలో ఆ తరగతికి వుండే సీట్లు 80 దాకా మాత్రమే. సరిహద్దు దగ్గర ఎవరు లోపల, ఎవరు బయట అన్నది ఇలాంటి కొద్ది మార్కులతో తేలిపోతుంది.

తిట్టు పనిచేసినట్లు ఎందుకు కనిపిస్తుంది?

మీ తరగతిలోనే ఒక ప్రయోగం చేయండి. 40 మంది విద్యార్థులు ఒక్కొక్కరు ఒక రూపాయి నాణెం పదిసార్లు ఎగరేయాలి. బొమ్మ పడిన ప్రతిసారి ఒక మార్కు. ఏడు, అంతకు మించి మార్కులు వచ్చినవారు సుమారు ఏడుగురుంటారు. వీరిని “మేధావులు” అనండి. మూడు, అంతకు తక్కువ వచ్చినవారు కూడా ఇంచుమించు అంతేమంది. వీరిని “మందమతులు” అనండి. ఇప్పుడు మేధావులను బాగా మెచ్చుకోండి. మందమతులను బాగా మందలించండి. తర్వాత అందరిచేతా మళ్లీ నాణెం ఎగరేయించండి.

ఏమైంది? మెచ్చుకున్నవారి సగటు ఐదు దగ్గరకు దిగింది. తిట్టినవారి సగటు ఐదు దగ్గరకు ఎక్కింది. పొగడ్త చెడగొట్టిందా? తిట్టు బాగుచేసిందా? రెండూ కాదు. నాణేనికి తిట్లు తెలియవు!

దీన్ని సగటుకు మళ్లడం అంటారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1870ల్లో బటానీ జాతి పూలమొక్క గింజలతో దీన్ని మొదట గమనించాడు. పెద్ద గింజలు నాటితే వచ్చిన గింజలు సగటున తల్లి గింజలంత పెద్దవి కావు. చిన్న గింజలు నాటితే వచ్చినవి తల్లి గింజలంత చిన్నవీ కావు.

చదువు నాణెం ఆట కాదు. మార్కులలో పెద్ద భాగం మీ కృషిదే. కాని కొంత భాగం ఆ రోజుది. అందుకే ఒక పరీక్షలో అందరికంటె ముందున్న పిల్ల తర్వాతి పరీక్షలో కొంచెం దిగడం సహజం. ఇంట్లో మాత్రం “నిర్లక్ష్యం పెరిగింది” అని కోప్పడతారు. ఆ తర్వాత మార్కులు మళ్లీ పెరిగితే కోప్పడటం వల్లనే అనుకుంటారు. ఇలా తిట్టు మీద నమ్మకం పెరుగుతుంది.

ఇంట్లో ఒత్తిడి, బడిలో ఒత్తిడి

తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక. కాని వారి వైపు నుంచి కూడా చూడాలి. కౌలు కట్టి పత్తి, మిరప వేసే రైతుకు ఒక ఏడు ధర వుంటుంది, ఒక ఏడు వుండదు. ఒక ఏడు తెగులు మింగేస్తుంది. బిడ్డకైనా నిలకడైన బతుకు కావాలని ఆయన కోరిక. “మీ పిల్లలో ప్రత్యేక ప్రతిభ వుంది, ఇప్పుడే చేర్పించకపోతే ఆలస్యమవుతుంది” అని ఎవరైనా అంటే భయపడి అప్పు చేసైనా చేర్పిస్తాడు. ఆ అప్పు బరువు ఆ పిల్ల మనసు మీద కూడా పడుతుంది.

బరువు పడితే ఏమవుతుంది? లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చిన అంకెలను మనసులో నిలుపుకోవాలి గదా. ఇందుకు మెదడులో చిన్న పలక వంటి జ్ఞాపకం వుంది. దానిమీద చోటు తక్కువ. “తప్పితే నాన్న ఏమంటాడో” అన్న ఆందోళన ఆ పలక మీద కొంత చోటు ఆక్రమిస్తుంది. లెక్కకు చోటు చాలదు. తెలిసిన లెక్కే తప్పుతుంది.

పొగడ్తలోనూ జాగ్రత్త కావాలి. అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో ప్రయోగాలు చేసి 1998లో ప్రకటించారు. “నీవు తెలివైనదానివి” అన్న మెప్పు పొందిన పిల్లలు తర్వాత తేలిక పనులు ఎంచుకోవడానికి మొగ్గారు. ఒకసారి ఓడిపోగానే వారి పని మరింత తగ్గింది. “బాగా కష్టపడ్డావు” అన్న మెప్పు పొందినవారు కష్టమైన పనులకు ముందుకు వచ్చారు. మేధావి అన్న ముద్ర పడిన పిల్ల ఆ ముద్రను పోగొట్టుకోకూడదని భయపడుతుంది. కొత్తది ప్రయత్నించదు.

జల్లెడలో జారిపోయినవారు

1921లో అమెరికాలో లూయీ టెర్మన్ కాలిఫోర్నియా బడులలో వెదికి, ప్రజ్ఞాలబ్ధి చాలా ఎక్కువగా వున్న 1500 మందికి పైగా పిల్లలను ఏరడం మొదలుపెట్టాడు. జీవితమంతా వారిని గమనించాడు. వారిలో చాలామంది మంచి ఉద్యోగాలలో స్థిరపడ్డారు. కాని ఒక్కరికీ నోబెల్ బహుమతి రాలేదు. పరీక్షలో నెగ్గక ఆ జాబితాలో చేరని ఇద్దరు బాలురకు వచ్చింది! ట్రాన్సిస్టరు మీద పనిచేసిన విలియం షాక్లీకి 1956లో, లూయీ అల్వారెజ్‌కు 1968లో.

మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు సంగతి చూడండి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. ఆయన నాయకత్వంలోని శాస్త్రజ్ఞులే అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. కాన్సరు వైద్యంలో నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆ పరిశోధనల నుంచే వచ్చింది. పరీక్ష తప్పితే గొప్పవారవుతారని దీని అర్థం కాదు. ఒక పరీక్ష చెప్పగలిగింది ఎంతో, చెప్పలేనిది ఎంతో తెలుసుకోవాలి.

లాం శాస్త్రజ్ఞులు ఏం చేస్తారు?

గుంటూరు పక్కనే లాం గ్రామంలో వ్యవసాయ పరిశోధనా స్థానం వుంది. మిరపలో పేరుపొందిన ఎల్.సి.ఏ. 334 రకం అక్కడిదే. ఒక కొత్త రకాన్ని రైతుకు ఇచ్చే ముందు దాన్ని ఒక మడిలో, ఒక్క కారు పెంచి తేల్చరు. పలు మళ్లలో, పలు చోట్ల, కొన్నేళ్లపాటు పెంచి పోలుస్తారు. దిగుబడి ఒక్కటే కాక తెగులును తట్టుకునే శక్తి, రంగు, కారం విడివిడిగా చూస్తారు. మిరప మొక్క విషయంలోనే ఇంత ఓపిక పడుతున్నాం.

మన చట్టం కూడా ఈ దారిలోనే వుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం, ఎనిమిదో తరగతి లోపు పిల్లలను బడిలో చేర్చుకోవడానికి పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని వడపోత పరీక్ష పెట్టకూడదు. నవోదయ వంటి కొన్ని ప్రత్యేక పాఠశాలలలో మాత్రం ప్రవేశ పరీక్ష కొనసాగుతున్నది.

మీ ఇంట్లో చెల్లెలో తమ్ముడో ఈ ఏడు ప్రవేశ పరీక్ష రాస్తూ వుంటే రాయనివ్వండి. పక్కన కూర్చొని లెక్కలు చేయించండి. ఫలితం వచ్చాక “ఎన్ని వచ్చాయి?” అని అడిగే ముందు “ఏ లెక్క బాగుంది, ఏది కష్టమైంది?” అని అడగండి. సీటు రాకపోతే అమ్మానాన్నలకు నాణెం ప్రయోగం చేసి చూపించండి.

చేసి చూడండి

1. పైన చెప్పిన నాణెం ప్రయోగం మీ తరగతిలో మూడుసార్లు చేయండి. మూడుసార్లూ ముందున్నవారు ఎంతమంది?

2. మీ బడిలో ఒకటో తరగతి పిల్లల పుట్టిన నెలలు, వారు చదవగలిగిన పదాల సంఖ్య పట్టికగా రాయండి. పదో తరగతి విద్యార్థుల పుట్టిన నెలలు, మార్కులు మరో పట్టికగా రాయండి. నెలకూ ఫలితానికీ సంబంధం ఏ పట్టికలో ఎక్కువ కనిపించింది?

3. ఒకే పొట్లంలోని మిరప గింజలు రెండు కుండీలలో వేయండి. ఒకదానికి మంచి మట్టి, వేళకు నీరు ఇవ్వండి. రెండోదానికి ఇసుక, అరకొర నీరు ఇవ్వండి. నెల తర్వాత రెండో కుండీ మొక్కలను మంచి మట్టిలోకి మార్చి, కాపు వచ్చేదాకా వారానికొకసారి ఎత్తు కొలిచి రాయండి.