పాలలో నీరు కలిసినదా? – గడ్డకట్టుటలోని సాక్ష్యము

పాల సేకరణ కేంద్రమున్న గ్రామములలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చు తగవు ఒకటి కలదు. ఫలానావారి పాలలో నీరు కలిసినదని కేంద్రము వారందురు. గేదె ఇచ్చిన పాలనే పోసితినని రైతు ఒట్టు పెట్టుకొనును. మాట పదిమందిలో పడిన తరువాత తీర్పు చెప్పుమని పంచాయతీ పెద్దలనే అడుగుదురు. ఇట్టి తగవునకు నీరు గడ్డకట్టు తీరులోనే ఒక సాక్ష్యమున్నది. సభ్యులు దానిని తెలిసికొనియుండుట మంచిదని మేము తలంచుచున్నాము.

స్వచ్ఛమైన నీరు సున్న డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మంచుగడ్డ యగును. దానిలో ఏదైనను కరిగియున్నచో ఆ చలి చాలదు. నీటి అణువులు బారులు తీరి కుదురుకొన్నప్పుడే గడ్డ ఏర్పడును. కరిగిన పదార్థపు కణములు ఆ బారులలో ఇముడక అడ్డుపడును. కుల్ఫీ చేయువారు మంచుగడ్డలపై ఉప్పు చల్లుట చూచియే యుందురు. ఉప్పు తగిలిన మంచు సున్న డిగ్రీల వద్ద నిలువలేక కరుగును. కరుగుటకు వలసిన వేడిని చుట్టునున్న వానినుండి లాగుకొనును. పాళ్లు సరిగా కుదిరినచో ఆ మిశ్రమము సున్నకు దిగువ 21 డిగ్రీల వరకు చల్లబడగలదు. ఇక డబ్బాలోని పాలు గట్టిపడక ఏమి చేయును! ఉప్పులోనే చల్లదనమున్నదని కొందరందురు గాని అది సరికాదు.

ఎంత దిగువకు పోవుననునది కరిగిన కణముల సంఖ్యను బట్టి యుండును. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రావూల్ 1880 దశకములో అనేక ద్రావణములను కొలిచి ఈ సంగతిని స్థిరపరచెను. లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కరిగించినచో అది సున్నకు దిగువ సుమారు 0.53 డిగ్రీల వద్ద గడ్డకట్టును. పంచదారతో అంత దిగువకు తేవలెనన్న దాదాపు 100 గ్రాములు కావలెను. ఆసుపత్రిలో ఎక్కించు సెలైను ఆ ఉప్పునీటివంటిదే. రక్తము కూడ ఇంచుమించు అక్కడనే గడ్డకట్టును. గాయము మీద పేరుకొనుట కాదు, చలికి మంచుగా మారుట అని గ్రహింపవలెను.

పాలు పొదుగులో రక్తమునుండి వచ్చిన పదార్థములతోనే తయారగును. రెంటి నడుమ నీరు అటునిటు సాగుచు సమతూకమును కాపాడుచుండును. పాలలోని చక్కెర తగ్గినచో లవణములు పెరిగి ఆ లోటును తీర్చును. వెన్న కరుగక తేలియాడునది గనుక దానికిందు ప్రమేయము లేదు. కావున చిక్కని గేదె పాలును, పలుచని ఆవు పాలును సున్నకు దిగువ సుమారు 0.54 డిగ్రీల దగ్గరనే గడ్డకట్టును. వెన్న శాతము తక్కువ వచ్చినంతమాత్రమున రైతు నీరు పోసినాడనుట అన్యాయము. లాక్టోమీటరు సైతము ఒంటరిగా దీనిని తేల్చలేదు. వెన్న తీసిన పాలు బరువెక్కును, నీరు పోసిన పాలు తేలికయగును. రెండును చేసినవాడు దానిని తప్పించుకొనును.

పది పాళ్లలో ఒక పాలు నీరైనచో, ఆ పాలు 0.49 వద్దనే గడ్డకట్టును. ఇంత చిన్న తేడాను కొలుచు యంత్రమును క్రయోస్కోపు అందురు. పాలకై ప్రత్యేకముగా దానిని 1920 ప్రాంతమున అమెరికాలో హార్ట్‌వెట్ అను రసాయనజ్ఞుడు రూపొందించెను. పాలను గడ్డకట్టవలసిన స్థానముకంటె దిగువకు చల్లార్చి ఒక్క కుదుపు ఇత్తురు. వెంటనే గడ్డకట్టుట ఆరంభమై, ఉష్ణము పైకి లేచి ఒకచోట నిలుచును. ఆ నిలిచిన అంకెయే సాక్ష్యము. ఇది సాధారణముగా పెద్ద డెయిరీల ప్రయోగశాలలలో నుండును. తగవు వచ్చినప్పుడు పాలను అచటికి పంపుమని కోరవచ్చును.

అయితే పులిసిన పాలకు ఈ పరీక్ష పనికిరాదు. పులిసినప్పుడు కణములు పెరిగి, కలిసిన నీటిని కప్పిపుచ్చును. నీటితోపాటు ఉప్పో పంచదారయో వేసినవాడును అంకెను దించగలడు. కావున మరీ దిగువనున్న అంకెయు అనుమానింపదగినదే. మేత, ఎండ, రోగము వలన కూడ కొద్ది తేడా వచ్చును. అందుచే ఒక్క అంకెతో ఎవరిని దోషిగా నిలుపరాదు. ఇరువురు సాక్షుల యెదుట ఆ గేదెనే పూర్తిగా పిదికించి, ఆ పాలను చల్లగా నుంచి వెంటనే పంపి, రెండంకెలను పోల్చవలెను.

సాక్షులుగా వెళ్లినవారు బిందెను కూడ చూడవలెను. కడిగిన బిందెను బోర్లించి ఆరనీయనిచో నీరు అడుగున నిలుచును. మొత్తము రెండు లీటర్లలో 100 మిల్లీలీటర్లు అట్టి నీరైనను అంకె 0.51కి వచ్చును.